చుక్క లెక్క

హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నల్లా నీళ్లు ఉచితమనే పథకం 2021 జనవరిలో మొదలైంది. బస్తీల్లో మీటరు అక్కర్లేదు. మాలాంటి విడి ఇళ్లకు మాత్రం పనిచేసే మీటరుండాలి, నల్లా కనెక్షను క్యాన్ నంబరుకు ఆధార్ కలపాలి. మీటరు ఖర్చు మనదే. పెట్టించుకుందామా వద్దా అన్నది మా ఇంట్లో ఏడాదికి పైగా నానింది.

"ఇప్పుడు ఎంత వాడినా అడిగేవాళ్లు లేరు. మీటరొస్తే 20 వేలు దాటిన నీళ్లన్నిటికీ కట్టాలి, చూసుకోండి మరి" అనేది మా ఆవిడ. ఇంట్లో ఐదుగురం. తలకు రోజుకు 133 లీటర్లు. ఎటు చూసినా సరిపోతాయని కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఎండలు ముదరకముందే పెట్టించాం.

గేటు పక్కన చిన్న గుంత, అందులో మీటరు. గాజు కింద నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్రవి లీటర్లు. నీళ్లు ఏమాత్రం కదిలినా మధ్యలో గోరంత చక్రం గిర్రున తిరుగుతుంది. మాకు రోజు విడిచి రోజు నల్లా. వచ్చిన పొద్దల్లా సంపు నిండేదాకా ఆ గుంత దగ్గరే కూర్చునేవాణ్ని. నల్లా వచ్చిన ఒక్కోసారికి 1,300 లీటర్లు, అంతకు మించకూడదని గీత గీశాను. క్యాలెండరులో తేదీ కింద అంకె రాసి, దాటిన రోజు వరండాలోంచే కేకేసేవాణ్ని: "వంద లీటర్లు ఎక్కువ! ఎవరు పారబోస్తున్నారు?"

మార్పు వచ్చింది. పిల్లలు షవరు మానేశారు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోయసాగాం. అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ తెచ్చుకుని తాగే ఊరిది, ఆ మాత్రం భయం ఉండాలి.

అమ్మ మంచం వరండాలోనే. ఆమె పుట్టింది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడు నీళ్లు మనుషుల ఎముకలు వంచేసిన నేల అది. మంచినీళ్ల బిందె కోసం పొలాలన్నీ దాటి వెళ్లొచ్చిన మనిషి. నా కేకలకు ఆమె ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు. తులసికోటలో చెంబెడు పోసేది కాస్తా దోసెడు చల్లి ఊరుకునేది. ఆమె తలగడ దగ్గర మా ఆవిడ పొద్దున్నే పెట్టే స్టీలు చెంబు, సాయంత్రం చూసినా అంచుదాకా ఉండేది. అత్తమ్మకు నీళ్ల విలువ తెలుసని మా ఆవిడ మెచ్చుకునేది.

మొదటి బిల్లు వచ్చింది. వాడకం 17 కిలోలీటర్లు. కట్టాల్సింది సున్నా. "మూడు వేల లీటర్లు మిగిల్చామమ్మా!" అని ఆ కాగితం అమ్మ చేతికిచ్చాను. ఆమె చదవలేదు, వెలుగుకు పట్టి చూసి నవ్వింది.

అదే వారంలో ఓ మిట్టమధ్యాహ్నం మంచం దిగబోయి కళ్లు తిరిగి పడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మ చేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపి వదిలింది. ఆ ముడత అలాగే నిలబడిపోయింది. "నాలుక చూశారా, ఎలా ఎండిపోయిందో! ఈమె సరిగ్గా నీళ్లు తాగి ఎన్ని రోజులైంది?" అని అడిగింది. నేనూ మా ఆవిడా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

సెలైను ఎక్కించారు. రెండో సీసా సగమయ్యేసరికి అమ్మ కళ్లు తెరిచింది. పైన గొట్టంలో ఒక్కొక్కటే రాలుతున్న చుక్కల్ని చాలాసేపు చూసింది. సైగ చేసి నన్ను దగ్గరికి పిలిచింది.

"కొడుకా, గిది గూడ మీటరేనా?"

నాకు నోట మాట రాలేదు.

"నాకు జాలు బిడ్డా. ఇగ బందు వెట్టుమను."