దంతధావన పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
పంటి మీది పెంకు పదిలమ్ముగానుంచు
ఖనిజ ధూళి నిండి కదలు పేస్టు
చల్లనీళ్లు తాగ జల్లనదిక నోరు
మల్లె తెల్లబోవు పళ్లు చూచి

టీక: పంటి మీది పెంకు = ఎనామిల్ (బరువులో నూటికి 96 పాళ్లు ఖనిజమే); పదిలమ్ముగానుంచు = ఉన్నదానిని కాపాడునట్టి. పోయిన పెంకును మళ్లీ మొలిపించునని దుకాణదారులు చెప్పే అర్థం అగ్రాహ్యం. దానిని కట్టే కణాలు పన్ను చిగురు దాటి వచ్చేసరికే నశిస్తాయి. ఖనిజ ధూళి = హైడ్రాక్సీఅపటైట్, కాల్షియం ఫాస్ఫేట్ల కూడిక, పంటిలో ఉన్నదీ అదే; నిండి = కవిసమయం; కదలు = నొక్కగా వెలికి వచ్చు. నెలాఖరున చపాతీ కర్రతో వత్తితే గాని కదలదు కనుక ఈ విశేషణం వ్యర్థం కాదు.

తాత్పర్యం: ఈ పేస్టుతో తోముకున్నవారు ఐస్‌క్రీమును ముందు పళ్లతో కొరుకుతారు, ఫొటోలలో మూతి బిగించరు.

విశేషాలు: మూడో పాదానికి శాస్త్రాధారం ఉంది. పెంకు అరిగినా, చిగురు వెనక్కి జరిగినా లోపలి డెంటిన్ బయటపడుతుంది. దాని నిండా కంటికి ఆనని గొట్టాలు, వాటిలో ద్రవం. చల్లదనం తగలగానే ఆ ద్రవం కదిలి నరాన్ని రేపుతుంది. ఖనిజ ధూళి గొట్టాల మూతులు పూడుస్తుంది. పొటాషియం నైట్రేటుది వేరే మతం, అది నరాన్నే జోకొడుతుంది. జపాను అంగళ్లకు హైడ్రాక్సీఅపటైట్ పేస్టు 1980లోనే వచ్చింది. పుచ్చు విషయంలో మాత్రం ఫ్లోరైడ్ పక్షానికే సాక్ష్యాలెక్కువ.

చిక్కంతా నాలుగో పాదంతోనే. మల్లెలను ఓడించాలన్న పంతంతో బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు పట్టించి రుద్దేవారున్నారు. మరక పోతుంది, నిజమే. వెంట పెంకూ పలచబడి, సహజంగానే పసుపుగా ఉండే డెంటిన్ తొంగిచూస్తుంది. అంటే నాలుగో పాదం కోసం పాటుపడినకొద్దీ మొదటిదీ మూడోదీ చెడతాయి. ఈ విరోధానికి సమన్వయం: మెత్తని బ్రష్షు, తేలికపాటి చేయి. నిమ్మరసం తాగిన వెంటనే తోమరాదు, పులుపుకు పెంకు మెత్తబడి ఉంటుంది.

అలంకారం: అతిశయోక్తి. టీవీ ప్రకటనలలో దీనికే స్వభావోక్తి అని పేరు.

ఛందస్సు: ఆటవెలది. చివరి పాదంలో ప్రాసయతి. లకార ళకారాలకు పొత్తేమిటని పండితులు పళ్లు నూరవచ్చు గాని, దానికీ ఎనామిల్ అరుగుతుంది.