నాలుగు ఖాళీల శ్లోకం: టీకా తాత్పర్య సహితం

అవతారిక. ఇథీరియం బ్లాక్‌చైన్ మీది స్మార్ట్ కాంట్రాక్టు అనే ప్రోగ్రాం లోకజ్ఞానం లేని మహా గణకుడు. కూడికలూ తీసివేతలూ తప్పడు గాని, ఈ పూట అక్కడి నాణెమైన ఈథర్ ధరెంత అంటే నోరు మెదపలేడు. మెదపనివ్వరు కూడా. వేల కంప్యూటర్లు అదే లెక్క విడివిడిగా చేసి ఒకే సమాధానం తేవాలి. ఒక్కొక్కటీ వెళ్లి ఏ వెబ్‌సైటునో అడిగితే క్షణానికో జవాబు వచ్చి ఏకాభిప్రాయం ఏట్లో కలుస్తుంది. అందుకని ధరను బయటివాళ్లే తెచ్చి చైన్ మీద రాసిపెడతారు. వారిలో ప్రసిద్ధమైన చైన్‌లింక్ 2019 మే నెలలో ఇథీరియం అసలు నెట్‌వర్కు అయిన మెయిన్‌నెట్‌పై అవతరించినది. పలు నోడ్లు (ధర తెచ్చే కంప్యూటర్లు) చెప్పిన ధరల్లో మధ్యస్థాన్ని తీసి రాయడం దాని సంప్రదాయం. ఆ రాతను చదువుకునే విధానానికి డాక్యుమెంటేషన్‌లో ఒక ఉదాహరణ ఉన్నది. కొత్త డెవలపర్లు ముందుగా కాపీ కొట్టేది దానినే కనుక వ్యాఖ్యానం తప్పనిసరి అయినది.

మూలం.

( , ఇంట్ ఆన్సర్, , , ) = డేటాఫీడ్.లేటెస్ట్‌రౌండ్‌డేటా( );

ప్రతిపదార్థం. డేటాఫీడ్ = ఫలానా అడ్రసున ఉండు ధరల కాంట్రాక్టును (దాని వెనుకనున్న అసలు కాంట్రాక్టు మారినను ఈ అడ్రసు మారదు); లేటెస్ట్‌రౌండ్‌డేటా = కడపటి విడత వివరములను; ( ) = చేతిలో ఏమియు పెట్టకయే అడుగగా; ఇంట్ = రుణసంఖ్యయు కాదగిన; ఆన్సర్ = ధర; “=” గుర్తు = గ్రహింపబడినది; తక్కిన ఖాళీలు = గ్రహింపబడనివి.

తాత్పర్యం. ధర అడుగగా ఐదు సంగతులు చెప్పబడెను. అందు నాలుగు పారవేయబడెనని భావము.

విశేషములు. ధర రుణసంఖ్య అవుతుందా అని నవ్వేవారు, 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసిన సంగతి స్మరించునది. దశాంశ బిందువు కాంట్రాక్టు రాసే ఈ భాషకు తెలియదు. డాలర్లలో చెప్పే ఫీడ్లు సాధారణంగా ఎనిమిది స్థానాలు కలిపి చెబుతాయి గనుక 2000 డాలర్లు 200000000000గా దర్శనమిస్తుంది. చూసి మురిసిపోరాదు. ఎన్ని స్థానాలో ఫీడునే అడగవచ్చు, డెసిమల్స్ అనే వేరే ఫంక్షన్ అందుకే ఉన్నది.

ఇక ఖాళీలు. మొదటిది విడత సంఖ్య. రెండవది విడత మొదలైన వేళ. నాలుగవదానిని వాడవద్దని డాక్యుమెంటేషనే చెబుతున్నది. ఈ మూడూ పోయినా దోషం లేదు. ప్రాణమంతా మూడవ ఖాళీలో ఉన్నది: ఆ ధర ఎప్పుడు రాయబడినది? మెయిన్‌నెట్‌పై ఈథర్-డాలర్ ఫీడు, ధర అర శాతం కదిలితేనో, కదలకపోయినా గంట గడిస్తేనో కొత్త ధర రాస్తుంది. గంట దాటి ఎంతసేపైనా రాయలేదంటే లోపల ఏదో జరిగినట్లే. ఆ వేళను పారవేసిన కాంట్రాక్టుకు నిన్నటి ధరా ఇప్పటి ధరా ఒకటే.

పాఠాంతరం. పాత ప్రతుల్లో లేటెస్ట్‌ఆన్సర్ అని ఉన్నది. అది ధర ఒక్కటే చెప్పేది, వేళ చెప్పేది కాదు. దాన్ని పక్కన పెట్టి, వేళతో సహా చెప్పే ఈ పాఠాన్ని తెచ్చారు. తెచ్చినవారే ఉదాహరణలో వేళను వదిలేసి, పాత పాఠాన్ని దొడ్డిదారిన లోపలికి రానిచ్చారు.

శంక. అట్లయిన మూలకర్తలు అజ్ఞానులా?

సమాధానం. కారు. ఇది ఆడిట్ కాని కోడు, ప్రొడక్షన్‌లో వాడవద్దు అని ఉదాహరణ నెత్తిన పెద్దక్షరాలతోనే రాశారు. వేళ చూసుకోమని మరొకచోట బోధించారు కూడా. అయితే పెద్దక్షరాలు చదివి కాపీ కొట్టేవాడెవడు? కాపీ బటన్ నొక్కేవాడికి కళ్లు కోడు మీదే. సులభంగా ఉండాలని రెండు పంక్తులు మిగిల్చడం, నా దృష్టిలో, పిసినారితనమే.

నిదర్శనం. 2022 మే నెలలో లూనా అనే క్రిప్టో నాణెం కుప్పకూలినప్పుడు దాని ధర ఫీడు పది సెంట్ల దరిదాపుల్లో నిలిచిపోయింది. బజారు ధర మాత్రం దిగుతూనే ఉన్నది. నిలిచిన ధరనే నమ్మి అప్పులిస్తూ పోయిన వీనస్ ప్రోటోకాల్‌కు సుమారు 1.12 కోట్ల డాలర్ల లోటు మిగిలింది.

వ్యాఖ్యాత ప్రతిపాదించు పాఠం.

( , ఇంట్ ఆన్సర్, , యూఇంట్ అప్‌డేటెడ్‌ఎట్, ) = డేటాఫీడ్.లేటెస్ట్‌రౌండ్‌డేటా( );
రిక్వైర్(ఆన్సర్ > 0);
రిక్వైర్(బ్లాక్.టైమ్‌స్టాంప్ - అప్‌డేటెడ్‌ఎట్ <= గడువు);

ఇందు అప్‌డేటెడ్‌ఎట్ = ధర రాసిన వేళ; రిక్వైర్ = షరతు తప్పిన లావాదేవీని ఆపునది; గడువు = గంటకు మీద కొన్ని నిమిషములు; నోడ్ల రాత బ్లాకులో చేరుటకు వ్యవధి పట్టును గనుక. గంటకు బదులు రోజుకొకసారి రాసే ఫీడ్లూ ఉన్నవి. వాటికి ఇదే అంకె అంటించిన కాంట్రాక్టు రోజులో చాలాసేపు అలక పానుపు ఎక్కుతుంది.

శంక. ధర పాతబడినదని రిక్వైర్ అడ్డుపడగా, అప్పు తీర్చవచ్చిన వాని గతి యేమి? అతని లావాదేవీయు ఆగును గదా? కొత్త అప్పులు ఆపి, తీర్చేవారిని మాత్రం పోనివ్వవలెనా?

సమాధానం. మూలం మౌనం వహించినది. వ్యాఖ్యాతలు భిన్నాభిప్రాయులు.