కారం వద్దు మొర్రో

మాది గుంటూరు. ఆ ముక్క చెప్పాక "నేను కారం తినను" అంటే నమ్మిన మనిషి నాకింతవరకు తారసపడలేదు. చెరువు గట్టున పుట్టినవాడు ఈత రాదన్నట్టు ఎగాదిగా చూస్తారు. మిర్చి యార్డు పక్కనుంచి పోతూ దగ్గడమనేది మా ఊళ్ళో పిల్లలకి అన్నప్రాశన కంటే ముందు జరిగిపోయే సంస్కారం. నేను మాత్రం తక్కువ తిన్నానా? నలభై ఎనిమిదేళ్ళు గోంగూరలో ఎండుమిరపకాయ కొరుక్కుంటూనే బతికాను. మొన్న ఫిబ్రవరిలో ఒక డాక్టరుగారు నా గొంతులోంచి గొట్టం దింపి, లోపల ఫొటోలు తీసి, వాటిని పెళ్ళి ఆల్బమ్‌లా నా ముందు పరిచి, "మూడు నెలలు కారం మాటెత్తకండి" అన్నారు.

"కొంచెం కూడానా సార్?"

"మీదే ఊరు?"

"గుంటూరండి."

"అయితే కొంచెం కూడా వద్దు. మీ కొంచెం వేరు."

అప్పటికే విమానం టికెట్లు కొనేసి ఉన్నాం. ఏప్రిల్ మొదటి వారంలో థాయ్‌లాండ్, క్రాబి ప్రాంతంలో ఆవ్ నాంగ్ అనే బీచి ఊరు. మా ఆవిడ ధైర్యం చెప్పింది. "తెల్లవాళ్ళు తిరిగే చోటు కదండీ, అంతా చప్పచప్పగానే ఉంటుంది. మీకోసమే కట్టినట్టుంటుంది చూడండి." చెబుతూనే సూట్‌కేసులో తనకోసం ఆవకాయ సర్దుకుంది.

ఆ దేశంలోకెల్లా ఘాటైన వంట దక్షిణాన, అంటే మేం వెళ్ళేవైపే ఉంటుందని ఆవిడకి తెలీదు. నాకూ తెలీదు. మన ఎండుమిర్చి ఓడలెక్కి పోయే దేశాల్లో థాయ్‌లాండ్ ముందు వరసలో ఉందని కూడా తిరిగొచ్చాకే తెలిసింది. యార్డు నుంచి పారిపోయి, యార్డు సరుకు దిగే రేవులో తేలానన్నమాట.

ఊరు మాత్రం బావుంది. సముద్రంలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు, ముక్కుకి రంగుల గుడ్డలు కట్టుకున్న పొడుగు పడవలు. వాటి గురించి ఇంకా రాద్దును గాని, ఆ వారం నా దృష్టంతా పళ్ళెం మీదే ఉంది.

విమానంలోనే రెండు మాటలు బట్టీ పట్టాను. "ఫెట్" అంటే కారం. "మై" అంటే కాదు, లేదు, వద్దు. ఇంకేం కావాలి? మొదటి రాత్రి రోడ్డు పక్క చిన్న హోటల్లో కూర్చుని, వంట చేస్తున్న పెద్దావిడతో "ఫెట్ మై" అన్నాను. కారం వద్దు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఫెట్! ఫెట్ మాక్!" అంది. అర్థం చేసుకుందని నేనూ తల ఊపాను. ఆవిడ నన్ను మెచ్చుకోలుగా చూసి మళ్ళీ ఊపింది.

వచ్చింది ఖువా క్లింగ్. పొడిపొడిగా వేయించిన కోడి కీమా. ఒంటినిండా పసుపు పూసుకుని పెళ్ళికూతురిలా అమాయకంగా ఉంది. మొదటి ముద్దకి ఏమీ కాలేదు. రెండో ముద్ద నోట్లో ఉండగా మొదటి ముద్ద తన సంగతి చెప్పింది. చెవుల్లో ఈల మోగింది. గడగడా నీళ్ళు తాగాను, మంట నోరంతా ఊరేగింది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్‌కైతే లొంగుతుంది. సలసల కాగే వేడిని పసిగట్టే నరాల చివర్లనే ఈ క్యాప్సైసిన్ తట్టి లేపుతుందని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తకి 2021లో నోబెల్ బహుమతిలో వాటా కూడా ఇచ్చారు. ఆ రాత్రి నన్నడిగితే బహుమతి లేకుండానే చెప్పేవాణ్ణి. పక్కనే ఉన్న సెవెన్ ఎలెవెన్ కొట్లో రెండు పాల డబ్బాలు కొని, ఫుట్‌పాత్ మీదే నిలబడి తాగాను. మా ఆవిడ నా పళ్ళెం కూడా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని తీరిగ్గా వచ్చింది. "అబ్బ, ఎన్నాళ్ళకి!" అంది.

అసలు తప్పెక్కడ జరిగిందో బస దగ్గర కౌంటర్లో కూర్చునే అమ్మాయి విడమరిచి చెప్పింది. కాదనే మాట వాళ్ళు ముందు పెడతారు. "మై ఫెట్" అంటే కారం వద్దని. దాన్ని తిరగేసి, చివర్న కాస్త స్వరం లేపి "ఫెట్ మై" అంటే "కారంగా ఉంటుందా?" అని ప్రశ్న. నేను తెలుగులో ఆలోచించి థాయ్‌లో మాట్లాడాను. మనం వాక్యం చివరిదాకా అవతలివాడికి ఆశపెట్టి అప్పుడు వద్దంటాం. కనక పెద్దావిడతో నా సంభాషణ నిజానికి ఇదీ: "కారంగా ఉంటుందా అమ్మా?" "ఉంటుంది నాయనా, చాలా ఉంటుంది." దానికి నేను వీరుడిలా తల ఊపాను.

మర్నాడు వ్యాకరణం సరిచూసుకుని బొప్పాయి సలాడ్ బండి దగ్గరికెళ్ళాను. సోమ్ తమ్ అంటారు. పొడుగాటి మట్టి రోట్లో కర్ర రోకలితో పచ్చి బొప్పాయి తురుము, వెల్లుల్లి, తాటిబెల్లం, నిమ్మరసం కలిపి దంచుతుంటే ఆ చప్పుడుకే ఆకలేస్తుంది. "మై ఫెట్" అన్నాను, స్పష్టంగా, రెండుసార్లు. ఆవిడ నన్ను పరకాయించి "ఇండియా?" అంది. అవునన్నాను. నవ్వింది. "నిట్ నోయ్" అంటూ మూడు మిరపకాయలు రోట్లో పడేసింది. నిట్ నోయ్ అంటే రవ్వంత. ప్రపంచంలో ఎవరి రవ్వ వాళ్ళదని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ మిరపకాయలు చూడ్డానికి చిటికెన వేలి గోరంత ఉంటాయి. వాటి థాయ్ పేరుకి అర్థం ఎలుక పెంటిక మిరప. ఇంకోసారి బతిమాలి, అసలు మిరపే లేకుండా దంచించుకున్నాను. అదీ మండింది. అంతకుముందు పాతికమందికి దంచిన రోలు మరి! ఆ రోలుకి జ్ఞాపకశక్తి ఎక్కువ.

మూడోరోజుకి కౌంటర్ అమ్మాయి బ్రహ్మాస్త్రం ఉపదేశించింది. "మై సయ్ ఫ్రిక్." మిరపకాయ వెయ్యొద్దు. ఇది పనిచేసింది. వేయించిన అన్నంలో మిరపకాయ వెయ్యలేదు, దానిబదులు దోసెడు తెల్ల మిరియాల పొడి కుమ్మరించారు. మిరియాల పేరు ఫ్రిక్ థాయ్‌ట. మిరపకాయ దిగుమతి కాకముందు ఫ్రిక్ అంటే మిరియమే. కొత్తగా వచ్చింది పేరు కొట్టేసింది, పాతది ఇంటిపేరు తగిలించుకుని ఓ మూల సర్దుకుంది. మనదగ్గరా అంతేగా, మిరియం పేరు మీదే మిరపకాయ కాపురం పెట్టింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు ఓడల్లో మోసుకొచ్చిన కాయ అది. ఆ ఓడలు దారి తప్పి ఉంటే ఇవాళ నా కడుపు ఇలా ఉండేది కాదు.

నాలుగోరోజు పొద్దున ఒక సందులో పొగలు కక్కే గిన్నెల ముందు జనం మౌనంగా కూర్చుని కనిపించారు. జోక్ అంటారట, మెత్తగా కలిసిపోయిన బియ్యపు జావ. ఇంగ్లీషు మెనూలో కంజీ అని ఉంది. చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఇది మన గంజి! ఆ మాట మన దక్షిణాది నుంచే ఇంగ్లీషులోకి పోయింది, అదీ పోర్చుగీసువాళ్ళ నోటిమీదుగానే. జబ్బు తెచ్చినవాళ్ళే పథ్యం పేరు కూడా మోసుకుపోయారు. గిన్నెడు తిన్నాను. కడుపులో ఎవరో చల్లటి చెయ్యి వేసి నిమిరినట్టయింది. మధ్యాహ్నానికి ఇంకో రత్నం దొరికింది: కెంగ్ చూత్. తేటగా ఉండే చారు, అందులో సోయా జున్ను, క్యాబేజీ, కోడి కీమా ఉండలు. పేరుకి అర్థం చప్పిడి కూర. మన దగ్గర చప్పిడి అంటే మంచంలో ఉన్నవాడికి పెట్టేది. అక్కడ దర్జాగా మెనూలో అచ్చేసి, ఆరోగ్యవంతులకి డబ్బులు తీసుకుని పెడుతున్నారు. మిగతా మూడు రోజులూ పొద్దున గంజి, మధ్యాహ్నం చప్పిడి, సాయంత్రం కొబ్బరిపాలు పోసిన బంకన్నంతో మామిడిపండు. ఎదురుగా మా ఆవిడ ఎలుక పెంటికలు నంజుకుంటూ చెమట తుడుచుకునేది.

జోక్ దుకాణంలో ప్రతి బల్ల మీదా నాలుగు గిన్నెల పెట్టె ఉంటుంది. ఎండుమిరప పొడి, చేప సాసులో మిరపముక్కలు, వెనిగర్లో మిరపముక్కలు. నాలుగోది పంచదార.

ఆఖరిరోజు మా అమ్మ ఫోన్ చేసింది.

"తిండి ఎలా ఉందిరా అక్కడ?"

"గంజి తాగుతున్నానమ్మా."

"గంజి కోసం విమానమెక్కావా? సరేలే, నంజుకోడానికేం ఇచ్చారు?"

"పంచదార."

చాలాసేపు లైన్లో ఏమీ వినపడలేదు. తర్వాత అమ్మ గొంతు తగ్గించి అంది, "ఫోను ఒకసారి కోడలికియ్యి."