పది రెట్లు పెద్దగా: ఒక డెర్మటోస్కోప్ ఆత్మకథ

విజయవాడలో ఒక చర్మవైద్యురాలి బల్ల మీద ఉండే డెర్మటోస్కోప్ తన కథ తానే చెప్పుకొచ్చింది. అరచేతిలో ఇమిడే పరికరం అది. ఒక భూతద్దం, చుట్టూ చిన్న ఎల్‌ఈడీ దీపాలు, చర్మం మీది తళతళను అడ్డుకునే పోలరైజింగ్ ఫిల్టరు. దేన్నైనా పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. దాని జాతికి పేరు తెచ్చింది పుట్టుమచ్చల్లో క్యాన్సర్ జాడ పట్టే పని. తల మీద వెంట్రుకలను ఇలా చూసే పద్ధతికి 2006లో పోలండ్ వైద్యులు లిడియా రుడ్నిట్స్కా, మాల్గొజాటా ఓల్షెవ్‌స్కా ట్రైకోస్కోపీ అని పేరు పెట్టారు. "నాకు రెండో కొలువు అలా ఖాయమైంది" అంటుందది.

గదిలోకి వచ్చిన మనిషి తలకు తనను వెంటనే ఆనించకూడదని దాని గట్టి నమ్మకం. ముందు అడగాలి. పాలిథిన్ కవరులో వెంట్రుకల ఉండ పట్టుకొచ్చిన ఒక అమ్మాయి "తలస్నానం చేస్తే గుప్పెడు ఊడుతోంది మేడమ్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. డాక్టరమ్మ కవరు పక్కన పెట్టి, "రెండు మూడు నెలల కిందట జ్వరం ఏమైనా వచ్చిందామ్మా?" అన్నారు.

వచ్చింది. డెంగీ.

ఆ ఒక్క జవాబుతో సగం సంగతి తేలింది. తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటే నూటికి 85-90 పెరిగే దశలోనే ఉంటాయి. మిగతావి విశ్రాంతి ముగించుకుని రాలిపోతుంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. గట్టి జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి బాగా తగ్గించడం లాంటి దెబ్బ తగిలితే పెరగాల్సినవి కూడా విశ్రాంతిలోకి పోయి, రెండు మూడు నెలలకు కట్టగట్టుకుని ఊడతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లువియం అంటారు. డాక్టరమ్మ మూడు వేళ్ల మధ్య 50-60 వెంట్రుకలు పట్టి, కుదురు నుంచి కొసదాకా మెల్లగా లాగారు. ఆరేడు చేతికొచ్చాయి. పదో వంతు దాటితే రాలుడు జోరుగా ఉన్నట్టని పాత లెక్క. రెండు దాటినా పట్టించుకోవాలని ఇప్పటి మాట. ఆ తర్వాతే డెర్మటోస్కోప్ వంతు. అన్నీ ఒకే మందంలో ఉన్నాయి, మధ్యమధ్య మొనదేలిన పొట్టి కొత్త వెంట్రుకలు లేస్తున్నాయి. "వాటిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది" అంటుంది.

బట్టతల అలా ఉండదు. అక్కడ వెంట్రుక ఊడటం కంటే సన్నబడటం అసలు కథ. మామూలు తలలో వరి దుబ్బులో పిలకల్లా ఒక్కో రంధ్రం నుంచి రెండు మూడు వెంట్రుకలు కలిసి లేస్తాయి. వంశంలో బట్టతల ఉన్న మగవాళ్ల నడినెత్తిన చూస్తే చాలాచోట్ల ఒక్కటే మిగిలి ఉంటుంది. దాని పక్కన లావుది, సన్నది, నూగులాంటిది కలగలిసి కనిపిస్తాయి. నూటికి 20కి మించి మందంలో ఇలా తేడాలుంటే అనుమానం బలపడుతుంది. వెంటనే తలవెనక కూడా చూస్తారు. అక్కడి కుదుళ్లు హార్మోన్ ప్రభావానికి అంతగా లొంగవు కాబట్టి అదే పోల్చుకునే కొలత. ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి మగవాళ్లకు హామిల్టన్-నార్వుడ్ వారి ఏడు మెట్లు, ఆడవాళ్లకు 1977లో లుడ్విగ్ చెప్పిన మూడు మెట్లు ఉన్నాయి. ఆడవాళ్లలో నుదుటి అంచు సాధారణంగా నిలిచే ఉంటుంది, పాపిడి వెడల్పవుతుంది.

పేనుకొరుకుడుకు పేలతో సంబంధం లేదు. ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద పడుతుంది. పసుపు చుక్కలు, నల్ల చుక్కలు, మొదట్లో సన్నగా కొసన లావుగా విరిగిన పొట్టి వెంట్రుకలు దాని గుర్తులు.

డెర్మటోస్కోప్ మాట తడబడేది మాత్రం నుదుటి పైన మంట, దురద అంటూ వచ్చిన ఒక పెద్దావిడ సంగతి దగ్గర. కనుబొమలు కూడా పలచబడ్డాయి. ఆవిడ ఎన్నాళ్లుగానో ఏవేవో నూనెలు మార్చి మార్చి రాస్తున్నారు. అద్దం కింద చర్మం నున్నగా, పాలిపోయి ఉంది. వెంట్రుక లేవాల్సిన రంధ్రాలే లేవు. అంచున మిగిలిన వెంట్రుకల మొదళ్ల చుట్టూ తెల్లని పొట్టు. ఇది మచ్చకట్టే రకం. 1994లో ఆస్ట్రేలియా వైద్యుడు స్టీవెన్ కొస్సార్డ్ మొదట వర్ణించిన జబ్బు లక్షణాలివి. మూసుకుపోయిన కుదురు మళ్లీ తెరుచుకోదు, ఉన్నవాటిని కాపాడుకోవడమే వైద్యం. ఒక్కో నెల ఆలస్యానికి ఒక్కో వరుస పోతుంటే ఎవరూ తలను దగ్గరగా చూడకపోవడం డెర్మటోస్కోప్‌కు తీరని బాధ. బయాప్సీకి నాలుగు మిల్లీమీటర్ల ముక్క ఎక్కడ తీయాలో అదే చూపించింది: నున్నటి నడుమ కాదు, జబ్బు ఇంకా రగులుతున్న అంచున.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ ముఖ్యమైనవి. నెలసరి తప్పుతూ, మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు ఉంటే హార్మోన్లూ చూస్తారు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. ఎక్కువ మోతాదు థైరాయిడ్ రిపోర్టునే తప్పుగా చూపించగలదు. బట్టతలకు ఫినాస్టరైడ్ మాత్ర వాడే మగవాళ్లలో ప్రోస్టేట్ రక్తపరీక్ష పీఎస్ఏ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది కాబట్టి ప్రోస్టేట్ పరీక్ష చేసే వైద్యుడికి ఆ సంగతి తెలియాలి. జుట్టు పెరగడానికి ఇచ్చే మినాక్సిడిల్ రాసిన మొదటి వారాల్లో రాలుడు పెరిగినట్టుంటుందని డాక్టరమ్మ చీటీ రాస్తూనే చెబుతారు, భయపడి మానేయకుండా.

చివరిగా ఫొటోలు. జుట్టు ఆరి ఉండాలి, పాపిడి అదే చోట తీయాలి, దీపం, దూరం, తల వంపు మారకూడదు. నడినెత్తిన ఫలానా చోట డెర్మటోస్కోప్ ఆనించి మరొకటి తీసి, తేదీ వేసి దాస్తారు. ఆరు నెలలకు మళ్లీ రమ్మంటారు.