చూద్దాంలే బాబాయి

మా చెల్లి నర్సుద్యోగంలో చేరి పదిహేను నెలలైంది. మా బాబాయి లెక్క ప్రకారం ఇప్పటికి ఐదుసార్లు మానేసింది.

మొదటి గడువు సంక్రాంతి. "పండక్కి సెలవివ్వరు, ఏడ్చుకుంటూ వచ్చేస్తుంది చూడండి" అన్నాడు. సెలవైతే ఇవ్వలేదు గానీ అది ఏడవలేదు. అమ్మ కట్టిచ్చిన అరిసెలు వార్డులో అందరికీ పంచి తనూ తింది. ఆ తర్వాత ఉగాది అన్నాడు, ఎండలన్నాడు, శ్రావణమాసం సంబంధాలన్నాడు, దసరా అన్నాడు. దసరా కూడా దాటిపోయాక తేదీలు చెప్పడం దండగనుకుని "చూద్దాంలే" దగ్గర స్థిరపడ్డాడు. ఆ మాటకి గడువు తీరడమంటూ ఉండదు కదా.

ఇంటర్లో బైపీసీ తీసుకున్న ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటికీ ఇలాంటి బాబాయి ఒకాయన రాసిపెట్టి ఉంటాడు. అమ్మా నాన్నా కూడా అనుమానపడతారు, కాదనను. వాళ్ళది "తిన్నావా, పడుకున్నావా" దగ్గర ఆగిపోయే అనుమానం. బాబాయిది అలా కాదు, సాక్ష్యాధారాలతో నడుస్తుంది. పదేళ్ళప్పుడు బళ్ళో టీటీ ఇంజెక్షన్ వేస్తారని తెలిసి మా చెల్లి గోడ దూకి పారిపోయింది. ఆ గోడని బాబాయి ఇప్పటికీ వదల్లేదు. నాలుగేళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివినా, కొవ్వొత్తి పట్టుకుని ప్రమాణం చేసినా, ఏడుస్తున్న పసివాడి చేతికి ఒక్క ప్రయత్నంలో క్యాన్యులా పెట్టినా, "అంతా బానే ఉంది గానీ వదినా, ఆ రోజు గోడ దూకిందిగా" అంటాడు.

ఇందులో ఒక చిక్కుంది. సోమవారం "ఈ నైట్ డ్యూటీలు ఎన్నాళ్ళు చేస్తుందిలే" అంటాడు. అది విదేశాల్లో నర్సుద్యోగం కోసం రాసే ఓఈటీ ఇంగ్లీషు పరీక్షకి చదువుతోందని తెలిస్తే మంగళవారానికి "ఇంకేముంది, లండన్ చెక్కేస్తుంది" అంటాడు. ఉద్యోగం వదిలేస్తుందని ఒక బెంగ. వదలకుండా సముద్రాల అవతలిదాకా పట్టుకుపోతుందని ఇంకో బెంగ. రెండూ ఒకే కాఫీ గ్లాసుతో తాగుతాడు.

ఈ జాతి మన దగ్గరే పుట్టిందనుకుంటే పొరపాటు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1845లో సాల్స్‌బరీ ఆస్పత్రిలో కొన్నాళ్ళు పని నేర్చుకుంటానంటే తల్లీ, అక్కా ససేమిరా అన్నారు. చివరికి ఆవిడ జర్మనీ వెళ్ళి శిక్షణ తీసుకునేసరికి 1851 వచ్చింది. ముప్ఫై ఒకటో ఏడు. ఆ ఇంట్లో మా బాబాయి కూడా ఉండుంటే క్రిమియా యుద్ధం అయిపోయేది గానీ ఆవిడ గడప దాటేది కాదు.

ఇంతకీ అనుమానించే హక్కు ఈయనకెలా వచ్చింది? అనుభవం. వాకింగ్ బూట్లు కొన్నాడు, అవి ఇంకా తళతళలాడుతున్నాయి. కోళ్ళ ఫారం పెట్టాడు, కోళ్ళే విసిగిపోయాయి. హిందీ ప్రాథమిక్ పుస్తకాలు మూడో పాఠం దగ్గర చెదలకి అప్పగించాడు. మొదలుపెట్టి వదలకుండా చేసిన పని కాపురం ఒక్కటే, అందులో పెద్ద కష్టం పిన్నిది.

మొన్న మా చెల్లి నైట్ డ్యూటీ దిగి తొమ్మిదింటికి ఇంటికొచ్చింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. జేబులోంచి రెండు పెన్నులు, చిన్న కత్తెర, సగం అయిపోయిన ప్లాస్టరు చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. కాళ్ళు దిండు మీద పెట్టుకుని పడుకుంటే చీలమండల పైన సాక్సు గీతలు లోతుగా కనిపించాయి. కన్ను మూతపడిందో లేదో గుమ్మంలో దగ్గు వినిపించింది.

"పడుకుందా? పోన్లే. బీపీ ఒక్కసారి చూస్తుందేమోనని."

వారానికి మూడుసార్లు వస్తాడు, ఈ విషయంలో మాత్రం నిలకడ ఉన్న మనిషి. ఫీజు ఉండదు, పైగా కాఫీ. అది లేచి ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. కాలు మీద కాలు తీయించింది, చెయ్యి బల్ల మీద పెట్టించి పట్టీ చుట్టింది.

"ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి బాబాయ్. మాట్లాడితే రీడింగ్ ఎక్కువొస్తుంది."

అది నిజమేనట, పుస్తకాల్లో ఉందట. ఆయన నోరు కట్టేయడానికి మాకిన్నాళ్ళూ దొరకని మందు అది. ఫ్యాను చప్పుడు వినిపించింది. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి నవ్వుకుంది. మూడు నిమిషాలు గడిచాయి, నాలుగో నిమిషం కూడా అయిపోవచ్చింది. ఆయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"అది కాదమ్మా, ఈ ఉద్యోగం ఇంకా ఎన్నాళ్ళు..."

మా చెల్లి గడియారం చూసుకుంది.

"మళ్ళీ మొదటినుంచీ బాబాయ్. ఐదు నిమిషాలు."