పిల్లలకు లెక్కలు రాకుండా కాపాడుకోవడం ఎలా?

కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలట. మరుసటి ఏడే మన తెలంగాణ తొలిమెట్టు మొదలుపెట్టింది. ఈ ఊపు చూస్తే నల్లమలలోని మా అమ్రాబాద్ పిల్లలకు నిజంగానే లెక్కలు వచ్చేసేలా ఉన్నాయి. తల్లిదండ్రులు, సార్లు కలిసికట్టుగా ఈ కింది జాగ్రత్తలు తీసుకుంటే గండం గట్టెక్కవచ్చు.

1. మూడేళ్లు నిండగానే నూరు దాకా అప్పజెప్పించండి. చుట్టాలొచ్చినప్పుడు నడింట్లో నిలబెట్టి చెప్పించండి. అంతటితో ఆపాలి. పొరపాటున కూడా అయిదు చింతగింజలు ముందు పోసి ఎన్నని అడగొద్దు. పిల్లాడు వేలు పెట్టి "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అంటాడు. "అయితే ఎన్ని ఉన్నయి రా?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. చివర పలికిన అంకే మొత్తం లెక్క అన్న గుట్టు వాడికింకా తెలియదు. రోజూ గింజలు ముందు పోస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు తెలిసిపోతుంది.

2. ఓమనగుంటల పీట అటక మీదికి ఎక్కించండి. 14 గుంటలు, గుంటకు అయిదేసి గింజలు, మొత్తం 70. ఏ గుంట ఎత్తితే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో చెయ్యి పెట్టకముందే లెక్కేసుకునే పిల్లను ఊరికే వదలకూడదు. పిలిచి ఒకటి నుంచి వంద దాకా పదిసార్లు రాయించండి.

3. వంటింట్లోకి రానివ్వొద్దు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని అవ్వ బియ్యం కొలుస్తూ చెప్పేస్తుంది. ఇక బడిలో అర, పావు అనగానే పిల్ల భయపడడం మానేస్తుంది.

4. పొడ తూర్పు ఆవుల మంద దగ్గరికి పంపినా ప్రమాదమే. ఏది ఎర్ర పొడ, ఏది తెల్ల పొడ, మందలో ఏది తగ్గింది అని పోరగాళ్లు దూరం నుంచే చెప్పేస్తారు. రంగును బట్టి గుంపులు చేయడం కూడా గణితమేనని వాళ్లకు తెలియనివ్వొద్దు. "పశువులు కాసేటోనికి లెక్కలెందుకు?" అంటే చాలు.

5. తెలిసిన సంగతి మీద ప్రశ్న వేయకండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, పొద్దున 6కి తెరుస్తారు. బండ్లు ఎన్ని గంటలు ఆగాలి? ఇట్లా అడిగితే పెంటలో (అడవి గూడెంలో) ఉండే చెంచు పిల్ల కూడా టక్కున చెబుతుంది. దాని బదులు ఆమె ఎన్నడూ చూడని షాపింగ్ మాల్‌లో లిఫ్టు ఎన్ని అంతస్తులెక్కిందో అడగండి.

6. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉంటుంది. తెలుగు పేజీ మూసేయండి. లంబాడీ తండా నుంచి వచ్చిన పిల్లకు రెండూ కొత్తే కాబట్టి అక్కడ మీకు శ్రమ తక్కువ.

7. తప్పు చేస్తే ఎర్ర పెన్నుతో కొట్టేయండి, కారణం అడగకండి. 32లోంచి 17 తీసేస్తే 25 అని పిల్లాడు రాశాడనుకోండి. అడిగితే, "రెండుల నుంచి ఏడు పోదు గద సారూ, అందుకే ఏడుల నుంచి రెండు తీసేసిన" అంటాడు. అప్పుడు చీపురు పుల్లలు పదేసి చొప్పున మూడు కట్టలు కట్టాలి, రెండు విడిగా పెట్టాలి, ఒక కట్ట విప్పి చూపించాలి. పది నిమిషాలు పోతాయి. సిలబస్ ఏం కావాలి?

8. పిల్ల వినేటట్టు, "మా ఇంటా వంటా లెక్కలు లేవు" అని అప్పుడప్పుడు అనండి. ఆస్తి ఇవ్వలేకపోయినా ఇదొక్కటి తప్పకుండా ఇవ్వగలం.

ఇంత చేసినా కొందరు మొండిఘటాలు నేర్చేసుకుంటారు. సంతలో 50 నోటిచ్చి 32 రూపాయల కూరగాయలు కొన్నప్పుడు చిల్లర తక్కువిస్తే, "ఇంకా మూడు రూపాయలు రావాలె" అని అందరి ముందూ అడుగుతారు. వెంటనే నోరు మూయించండి. ఈ రోజు చిల్లర అడిగినవాళ్లు రేపు తేనె తూకం అడుగుతారు, ఎల్లుండి ఉపాధి హామీ కూలి లెక్క అడుగుతారు. అందరూ అడగడం మొదలుపెడితే మన దగ్గర వ్యాపారం చేసుకునేవాళ్లు ఎట్లా బతకాలి?