ముందు కాయిదం, తర్వాతే కారు

మా రోజుల్లో సిద్దిపేటకు జపాన్ బండి చాటుమాటుగా రాలేదు. పట్టపగలు, నంబరు ప్లేటుతో, అందరూ చూస్తుండగా వచ్చింది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చినప్పుడు అది సుజుకీ బండేనని ప్రతి మెకానిక్‌కూ తెలుసు. అప్పట్లో మాది మెదక్ జిల్లా. ఆ జిల్లాలోనే, జహీరాబాద్‌లో, హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ నిస్సాన్‌తో కలిసి క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీని తయారుచేసింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. ఇప్పటి పిల్లలు ఫోన్లలో చూసి కలవరించే స్కైలైన్ జీటీఆర్ కూడా ఆ నిస్సాన్‌దే. ఆల్విన్ నిస్సాన్ ఇంజిన్లు విప్పి బిగించిన పనితోనే నా ఇల్లు గడిచింది. అందుకే జపాన్ బండి అంటే నాకు గౌరవం.

వేగం మీద మోజు మాకు లేదని కాదు. ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి చేసిన రాజ్‌దూత్ 350 చప్పుడు వినబడితే చేతిలో పానా కింద పెట్టి రోడ్డు మీదికి వచ్చేవాళ్లం. అది పెట్రోలు మస్తుగా తాగుతుందని, శక్తి కొంత తగ్గించి ఇంకో రకం కూడా అమ్మారు. 1985లో ఆర్ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 గుర్రాల శక్తి. ఆ బండికి ఉన్న ఎత్తుడు ఇప్పటి లక్షన్నర బండికి ఉండదంటే నా షెడ్డులో ఎవరూ కాదనేవారు కాదు. అయితే అవన్నీ ఇక్కడి పెట్రోలుకు, ఇక్కడి రోడ్డుకు, ఇక్కడి చట్టానికి సరిచేసి అమ్మిన బండ్లు. ఛాసిస్ నంబరు మీద కాయిదం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, ఆ ముద్ర ఆర్టీవో ఆఫీసులో ఇచ్చాకే నంబరు పడేది. ఇక నిజమైన ఫారిన్ కారు కావాలంటే ఎంబసీల వాళ్లు వాడి వదిలినవి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మేవారు. అది డబ్బున్నవాళ్ల సంగతి, మా దాకా వచ్చేది కాదు.

ఇప్పుడు చూడండి. మా వీధి పిలగాడు ఒకడు వచ్చి, "తాతా, దుబాయ్‌ల స్కైలైన్ ఉన్నదట. ఒకాయన తెప్పిస్తా అంటున్నడు. ముందుగాల సగం పైసలియ్యాలట" అన్నాడు.

"ఏ సంవత్సరందిరా?"

"తొంభై తొమ్మిది."

"గట్లయితే అది ఈ దేశంల రోడ్డెక్కది బిడ్డా" అన్నాను. వాడికి కోపం వచ్చింది. కోపం వస్తే రానీ, నిజం చెప్పాలి కదా.

దుబాయ్‌లో జపాన్ పాత కార్లకు పెద్ద మార్కెట్ ఉన్నమాట నిజమే. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి షాకెన్ అనే తనిఖీ ఉంటుంది. దాని ఖర్చు భరించే బదులు చాలామంది బండి మార్చేస్తారు. అట్లా వేలం పాటలకు వచ్చిన కార్లు ఓడలెక్కి న్యూజిలాండ్, కెన్యా, పాకిస్తాన్ దాకా పోతాయి. స్టీరింగు మనలాగే కుడివైపు ఉంటుంది. అందుకే మన పిల్లలకు అది చేతికందేట్టు కనిపిస్తుంది. కానీ మన రూలు వేరు. వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి, హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే రోడ్డుకు తగ్గట్టు ఉండాలి. ఇంకో అయిదేళ్లు రోడ్డు మీద తిరిగే సత్తా ఉండాలి. ఓడ ఎక్కే ముందే పరీక్ష సర్టిఫికెట్ కావాలి. దిగేది ఒక్క ముంబై రేవులోనే. దిగాక పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో మళ్లీ పరీక్ష. ఆ పైన సుంకం, జీఎస్టీ కలిపితే కారు ధరనే దాటిపోతాయి. 1999 స్కైలైన్‌కు మొదటి మెట్టు మీదే తలుపు మూసుకుంది.

ఈ రూలు మీద నాకు కోపం ఉంది. దాచుకోను. 2018లో కొత్త కార్ల కంపెనీలకు ఒక వెసులుబాటు ఇచ్చారు. జపాన్‌లోనో యూరప్‌లోనో పాసైన మోడల్ అయితే, ఇక్కడ మళ్లీ మొత్తం పరీక్షలు లేకుండా ఏటా 2,500 దాకా తెచ్చుకోవచ్చు. కోట్ల కారుకు ఆ సౌకర్యం. జీవితంలో ఒక్క బండిని ప్రేమించి, కూడబెట్టి, చట్టం ప్రకారం తెచ్చుకుంటాననే మామూలు మనిషికి ఏమీ లేదు. 50 ఏళ్లు దాటిన పాతకాలపు బండ్లకు 2025లో దారి తెరిచారు. ఆ లెక్కన 1999 స్కైలైన్ 2049లో రావాలి.

ఆస్ట్రేలియాలో ఉన్న మా బంధువుల అబ్బాయి అటువంటి కారునే తెచ్చుకున్నాడు. అక్కడ 25 ఏళ్లు దాటిన బండికి వేరే దారి ఉంది. అంతకంటే కొత్తదైతే ప్రభుత్వ జాబితాలో ఆ మోడల్ ఉండాలి, లైసెన్సు ఉన్న వర్క్‌షాపు దాన్ని అక్కడి ప్రమాణాలకు సరిచేయాలి, తర్వాత ఇంకొకరు తనిఖీ చేయాలి. బ్రేకుల్లో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటే రేవులోనే ఆపేస్తారు. కఠినమే, కానీ నిజాయితీగా నడిచేవాడికి దారి ఉంది. మెకానిక్‌కు పని కూడా ఉంది.

ఇక్కడ దారి లేదు గనుక అడ్డదారులు పుట్టాయి. అదే నా అసలు బాధ. 2025 మే నెలలో ఖరీదైన విదేశీ కార్ల విలువ తక్కువ చూపించి రూ.25 కోట్ల సుంకం ఎగ్గొట్టాడన్న ఆరోపణపై హైదరాబాద్ కార్ల వ్యాపారి ఒకరిని రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్ఐ అరెస్టు చేసింది. అదే ఏడు సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో దాడులు చేశారు. భూటాన్ మీదుగా దొంగచాటుగా వచ్చి, వేరే రాష్ట్రాల్లో రిజిస్టరయిన పాత కార్లను పట్టుకున్నారు. అందులో టయోటా ల్యాండ్ క్రూజర్లూ ఉన్నాయి. కొన్నవాళ్ల ఇళ్ల ముందు నుంచి బండ్లు తీసుకుపోయారు. పైసలూ పాయె, బండీ పాయె.

కారు రాకపోతే ఇంజిన్ తెప్పిస్తామనేవాళ్లు ఇంకొందరు. జపాన్‌లో కారును సగానికి కోసి, ఇంజిన్, గేరుబాక్సు ఉన్న ముందు భాగాన్ని హాఫ్‌కట్ అని విడిభాగాల కింద అమ్ముతారు. ఆ ఇంజిన్‌ను ఇక్కడి లాన్సర్‌లోనో సివిక్‌లోనో ఇరికించి, సైలెన్సర్ పీకి, అర్ధరాత్రి రాజీవ్ రహదారి మీద పరుగు పెట్టిస్తారు. శక్తి రెట్టింపవుతుంది. బ్రేకులు మాత్రం పాతవే, ఛాసిస్ పాతదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ప్రమాదం జరిగితే, ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఒకటి అని తేలితే, ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో ఆలోచించండి. చచ్చేది ఎదురుగా స్కూటర్ మీద వచ్చేవాడు. వాడి పెళ్లాంపిల్లలకు ఎవరు జవాబు చెప్పాలి? మా రోజుల్లో ఇంజిన్ మారిస్తే ముందు ఆఫీసుకు, తర్వాత షెడ్డుకు. దొంగ ఇంజిన్ బిగించమని వచ్చినవాణ్ణి గడప దాటనిచ్చేవాళ్లం కాదు.

ప్రభుత్వాన్ని ఒకటే అడుగుతున్నా. 25 ఏళ్లు దాటిన బండ్లకు, ఏటా కొన్నింటికే అయినా సరే, పరీక్షలు ఎంత కఠినంగా పెట్టినా సరే, ఒక దారి తెరవండి. అమ్ముకోవడానికి కాకుండా సొంతానికి తెచ్చుకునేవాడికే ఇవ్వండి.

పిల్లలకూ ఒక మాట. ఎవరైనా జపాన్ బండి చూపించి బయానా అడిగితే, ముందు కస్టమ్స్ వాళ్లు ఆమోదించిన బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమనండి. అందులో తయారైన సంవత్సరం, దిగిన రేవు చదవండి. ఛాసిస్ నంబరును మీ చేత్తోనే పెన్సిల్‌తో రుద్ది, కాయిదంతో సరిచూసుకోండి. వాడిన కారు ముంబైలో దిగలేదంటే పైసా ఇవ్వకండి.